పైపు లేకుండా ఆరు నిమిషాలు

ఈ కొసన ఒక ఎర్ర కుర్చీ, ఆ కొసన ఒక ఎర్ర కుర్చీ, నడుమ ముప్పై మీటర్ల వరండా. పోయినసారి కొలిచిందే అయినా దుర్గప్ప మళ్ళీ టేపు పరిచి కొలిచాడు. ఆదోనిలోని ఆ ఆసుపత్రిలో పద్దెనిమిదేళ్ళుగా వార్డు పని చేస్తున్న మనిషి, ప్రతి పనినీ ఆ రోజే నేర్చుకున్నంత శ్రద్ధగా చేస్తాడు. కుల్సుంబీ ఆ కొసనున్న కుర్చీ వైపు చూసింది. ఇంతే కదా, అనుకుంది. ఎమ్మిగనూరులో తమ సందు మొదటి ఇంటి నుంచి మసీదు గోడ దాకా ఉన్నంత కూడా ఉండదు. ఇరవై నెలల కిందట ఎవరైనా దీన్ని దూరం అని ఉంటే పగలబడి నవ్వేది. భుజాన గాజుల మలారం వేసుకుని, నెత్తిన డబ్బాల బుట్ట పెట్టుకుని, పొద్దున్నే బయలుదేరి మూడు ఊళ్ళు తిరిగి, మగ్గాల చప్పుడు సద్దుమణిగే వేళకు ఇల్లు చేరిన మనిషి. యాభై రెండేళ్ళ బతుకులో ముప్పై ఏళ్ళు నడకే. ఇప్పుడా ఎర్ర కుర్చీ వేరే ఊళ్ళో ఉన్నట్టుంది.

డాక్టరు శరణ్య ఆమె చూపుడు వేలికి క్లిప్పు తగిలించి, దాని వైరు కలిపిన చిన్న పెట్టెను నడుముకు కట్టింది. పెట్టె తెరను బయటివైపుకు తిప్పింది.

"అంకె మీరు చూడకూడదు. చూస్తే భయంతో ఊపిరి బిగబడతారు. మేము చూసుకుంటాం. ఆరు నిమిషాలు నడవాలి. పరుగెత్తొద్దు, మాట్లాడొద్దు. ఆయాసమైతే గోడకు ఆనుకోవచ్చు, కానీ గడియారం ఆగదు. రక్తంలో ఆక్సిజన్ ఎనభై ఎనిమిదికి దిగకుండా ఆరు నిమిషాలూ నడిచారంటే ఇంట్లో ఆ ఆక్సిజన్ మిషను తీసేద్దాం. దిగితే..."

"దిగితే ఆ పైపు ఇంగ గోరీ దాకా నాతోనే. అంతే కదమ్మా?"

"అట్లా నేను అనలేదు."

"నువ్వు అనలేదులే తల్లీ. నేనే అన్నా."

వేలు పట్టుకున్న డాక్టరు చెయ్యి వైపు కుల్సుంబీ చూపు దానంతటదే పోయింది. గాజుల్లేవు, ఒక్క గడియారం. సన్నటి మణికట్టు, మెత్తటి కణుపులు, రెండూ నాలుగు సైజు సరిగ్గా పడుతుంది. ఎన్ని చేతులు పట్టుకుంది తను, ఎన్ని వేళ్ళు దగ్గరికి నొక్కి, ఎన్ని బొటనవేళ్ళు లోపలికి మడిచి, నొప్పి తెలియకుండా ఏదో మాట చెప్తూ చెప్తూ గాజు లోపలికి జార్చింది. ఇప్పుడు తన వేలు పట్టుకుని ఈ పిల్ల ఏదో మాట చెప్తోంది.

"మొదలుపెట్టండి," అంది శరణ్య, చేతి గడియారం మీద నొక్కి.

బిస్మిల్లా. కుడికాలు ముందు. ఫినాయిల్ వాసన గుప్పుమని తగిలింది, ఆ వాసన తగిలినందుకే లోపల చిన్న సంతోషం. ఎనిమిది నెలలు ముక్కు చచ్చిపోయి ఉండింది, మొగుడు పీరా సాబ్ పొయ్యి మీద పాలు మాడబెట్టి ఇల్లంతా పొగ కమ్మినా ఆమెకు తెలియలేదు. ఒకనాడు ఉన్నట్టుండి, ఏమయ్యా, కిరసనాయిలు గాని ఒంపినావా అని అడిగితే ఆ మనిషి చేతిలో సీసా అట్లాగే పట్టుకుని కూర్చున్నచోటే ఏడ్చేశాడు. మెల్లగా, మెల్లగా. ఈ కుర్చీ నుంచి ఆ కుర్చీకి ఒక చుట్టు అని లెక్క, మొదటి రెండు చుట్లూ మెల్లగా పోవాలి. పోయినసారి చెడింది అక్కడే. ఆరు నెలల కిందట బస్సు తప్పిపోతుందన్నట్టు విసవిసా నడిచి, నాలుగో నిమిషంలో గోడ పట్టుకుని జారి కూర్చుంది, ఎనభై ఐదు అన్నారు. అంతకు ముందుసారి దుర్గప్ప వెనకాలే సిలిండరు తోసుకుంటూ వచ్చాడు, పైపుతో నడిచిన నడక నడక కాదు. మొట్టమొదటిసారైతే మూడు చుట్లు, అంతే, కళ్ళ ముందు నల్లటి పురుగులు తిరిగాయి. నడక కాళ్ళతో అనుకుంది ముప్పై ఏళ్ళూ. కాళ్ళకేమైంది, నిక్షేపంగా ఉన్నాయి. నడిచేది ఊపిరి అని ఎవరూ చెప్పలేదు, ఆ ఊపిరి పోయేదాకా తెలియలేదు. కుర్చీ వచ్చింది. తిరగాలి. తిరిగేటప్పుడు నిలబడకూడదు, తల తిరుగుతుంది, కొంచెం వెడల్పుగా తిరగాలని కోడలు ఫిర్దోస్ నేర్పింది. ఆ ఫిర్దోస్ వరండా నడిమధ్యలో బెంచీ మీద కూర్చుని ఉంది, ఎక్స్‌రేల కవర్లు ఒళ్ళో పెట్టుకుని, చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ. దాటేటప్పుడు ఆ పిల్ల చూపు అత్త మొహం మీద లేదు, నడుం మీది పెట్టె మీద ఉంది. సరే, అంకె నేను చూడకూడదన్నారు గానీ కోడలి మొహం చూడకూడదనలేదు కదా. మొహం బాగానే ఉంది. తొంభై నాలుగో ఐదో ఉంటుంది.

"బాగా నడుస్తున్నారు. ఇంకా ఐదు నిమిషాలు," అంది శరణ్య, బస్టాండులో మైకులో చెప్పినట్టు ఏ రాగమూ లేకుండా.

ఐదు నిమిషాల్లో తను గాజులమ్మే కడిమెట్లలో ఒక అరుగు మీద మలారం దించి పరిచేది. ఆ ఊళ్ళో ఆడవాళ్ళ పేర్లు... పేర్లు వద్దు, ఇప్పుడు గుర్తు తెచ్చుకోబోతే రావు, రాకపోతే బెంగ, బెంగైతే ఊపిరి. ఏ చేతి నుంచి వచ్చిందో ఆ కరోనా జబ్బు. చేతి నుంచి కాదు, నోటి నుంచి అన్నారు తర్వాత. కోటేకల్లు పెళ్ళింట్లో నలభై మందికి తొడిగింది ఆ రోజు, పందిట్లో ఒకరి మీద ఒకరు పడి నవ్వుకుంటూ ఉన్నారు, నాకు ఆకుపచ్చవి, నాకు మెరుపువి, అందరి ఊపిరీ తన మొహం మీదే. ఎవరినీ తప్పు పట్టలేదు ఆమె, ఆ నలభై మందిలో ఎవరికి తెలుసు పాపం. ఐదో రోజు జ్వరం తగ్గింది. తగ్గింది కదా అని రొట్టెలు కూడా చేసింది. ఆయాసం లేదు, ఏమీ లేదు, కొంచెం దగ్గు. ఫిర్దోస్ ఎక్కడినుంచో వేలి క్లిప్పు అడిగి తెచ్చి, అత్తా, ఒక్కసారి పెట్టుకో అంది. పెట్టుకోనంది. ఆ పిల్ల చెప్పింది ఏదీ చెయ్యకూడదని ఆమెకు అప్పట్లో ఒక పట్టుదల. కొడుకు ఇమ్రాన్ ఆదోనిలో సెల్లు రిపేరు నేర్చుకోబోయి ఇష్టపడి తెచ్చుకున్న పిల్ల. తన అన్న కూతురు ముంతాజ్‌ను చేసుకుందామని మాట అనుకున్నాక, ఆ మాట నేలపాలు చేసి వచ్చిన పిల్ల. నిఖా రోజు ఊరందరి కోడళ్ళకూ గాజులు తొడిగే కుల్సుంబీ తన కోడలికి మాత్రం తొడగలేదు, పక్కింటామె చేత తొడిగించింది, ఆ సంగతి సందంతా చెప్పుకున్నారు. ఆ పిల్లే ఆ రోజు, రొట్టె తిప్పుతున్న అత్త ఎడమచెయ్యి పట్టుకుని వేలికి క్లిప్పు పెట్టేసింది. డెబ్బై నాలుగు. పాడైపోయిందిలే నీ క్లిప్పు అంది కుల్సుంబీ. ఫిర్దోస్ దాన్ని తన వేలికి పెట్టుకుంటే తొంభై ఎనిమిది. పొయ్యి ఆర్పేసి, ఆటో ఆటో అని సందులోకి పరుగెత్తింది.

మళ్ళీ కుర్చీ, మూడోసారి. కాదు, నాలుగోసారి. లెక్క దుర్గప్ప చూసుకుంటాడు, వేళ్ళు మడుస్తున్నాడు. ఆ ఆటోలో కూడా ఆయాసం లేదు, అదే చిత్రం, లోపల గాలి అయిపోతుంటే మనిషికి తెలియదట, ఒళ్ళు మోసపోతుందట. వార్డులో దిగిన రెండు గంటలకు తెలిసింది, తెలిసినప్పుడు ఒక్కసారిగా తెలిసింది. నీళ్ళలో ముంచి పట్టినట్టు. మంచాలన్నీ నిండి ఉన్నాయి, నర్సమ్మలు ఇద్దరు, అరవై మంది రోగులు. బోర్లా పడుకోవాలి, బోర్లా పడుకుంటే వీపు వైపు ఊపిరితిత్తి తెరుచుకుంటుంది, అదొక్కటే దారి అని చెప్పి డాక్టరు ఇంకో మంచం దగ్గరికి పోయాడు. ఇమ్రానూ పీరా సాబూ ఇద్దరూ జ్వరంతో ఇంట్లో పడి ఉన్నారు, ఉన్నది ఫిర్దోస్ ఒక్కతే. మాస్కు మీద మాస్కు వేసుకుని, ఇరవై మూడేళ్ళ పిల్ల, అత్తను దొర్లించి బోర్లా వేసింది, ఛాతీ కింద ఒక దిండు, నడుం కింద ఒక దిండు, కాళ్ళ కింద తన చున్నీ చుట్ట.

"ఎంతసేపు మే ఇట్లా?"

"అరగంట అత్తా. ఇంగ అరగంటే."

అరగంట కాదు, మూడు గంటలు. మళ్ళీ అడిగితే మళ్ళీ అరగంటే. పందొమ్మిది రోజులు ఆ పిల్ల అరగంటలతోనే తనను బతికించింది. ఐదో రోజో ఆరో రోజో, ఇంగ సాలు, వదిలెయ్ నన్ను, పో ఇంటికి అంటే, వీపు మీద గట్టిగా చరిచి, వదిలేస్తే మామ నన్ను అడగడా, నీ కొడుకు నన్ను అడగడా, నాకు ఎవురున్నారు ఆ ఇంట్లో మాట్లాడను, కొట్లాడనన్నా నువ్వుండాల కదా అని భోరుమంది. అప్పుడు గాని తెలియలేదు, తను ఆర్నెల్లుగా మాట్లాడకపోవడం ఆ పిల్లకు ఎంత నొప్పో.

"బాగా నడుస్తున్నారు. ఇంకా నాలుగు నిమిషాలు."

మంచిదే. కుడి, ఎడమ. ముక్కుతో పీల్చు, నోటితో వదులు. పక్క మంచం ప్రమీల, కోడుమూరు బడిలో వంట చేసే మనిషి, పెద్ద గొంతు, మాస్కులోనుంచి కూడా అక్కా తిన్నావా అని అరిచేది. ఆమె ఊపిరితిత్తులు కుల్సుంబీ కంటే మేలన్నారు, రేపో మాపో పంపిస్తామన్నారు, పదకొండో రోజు పొద్దున ఇడ్లీ తింటూ తింటూ గుండె పట్టుకుని పక్కకు వాలింది. రక్తం చిక్కబడి గడ్డ కట్టిందట, ఆ గడ్డ పోయి గుండెకు అడ్డం పడిందట. ఊపిరికి వచ్చిన జబ్బు గుండెలోకి ఎందుకు పోవాలి అని కుల్సుంబీకి ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. తర్వాత శరణ్య చెప్పింది, ఆ పురుగుకు కావలసిన తలుపు ఊపిరితిత్తిలోనే కాదు, రక్తనాళాల్లో, మూత్రపిండాల్లో, గుండెలో, పేగుల్లో, అన్నిట్లోనూ ఉంటుందని. దాన్ని చంపబోయి మన ఒళ్ళే రెచ్చిపోయి తన ఇల్లు తానే తగలబెట్టుకుంటుందని. తనకూ మూడు రోజులు మూత్రం చుక్క దిగలేదు, కాళ్ళు రోకళ్ళలా వాచాయి. గుండె కండరం వాచి నిమిషానికి నూట నలభై సార్లు కొట్టుకుంది. వాపు తగ్గించే మందులతో చక్కెర నాలుగు వందలకు ఎక్కింది. ఇంటికొచ్చాక జుట్టు పిడికిళ్ళు పిడికిళ్ళుగా దువ్వెనకు వచ్చింది. ప్రమీలా, చూడు, నేను నడుస్తాండాను. నీ కూతురు పోయిన నెల ఫోను చేసింది, అదే బడిలో నీ పనే ఇచ్చినారంట దానికి.

ఎన్నో చుట్టు ఇది? ఆరో ఏడో. చెమట పట్టింది, మంచిదే, చెమట పడితే నడిచినట్టే. ఇంటికొచ్చింది గానీ పైపు కూడా ఇంటికొచ్చింది. మిషను గోడ పక్కన, ముక్కుకు పైపు, పైపు ఏడు మీటర్లు. మంచం నుంచి పొయ్యి దాకా వస్తుంది, మరుగుదొడ్డి గడప దాకా వస్తుంది, వీధి వాకిలికి రెండు అడుగులు ముందు ఆగిపోతుంది. మూడు ఊళ్ళ మనిషికి ఏడు మీటర్ల ఊరు. కరెంటు పోతే పీరా సాబ్ చేసే పని చేతిలో వదిలేసి చిన్న సిలిండరు మీదికి ఉరికేవాడు, మరలు తిప్పేవాడు, వేసవిలో రోజుకు నాలుగైదుసార్లు ఆ ఉరుకులే. ఈ రోజు కూడా రమ్మంటే రానన్నాడు, ఆ అంకెను చూసే గుండె నాకు లేదు కుల్సూ, మీరిద్దరూ పోయి రాండి అన్నాడు. ఇంటికొచ్చిన వారానికి ఆమె మొదట చేసిన పని ఒకటి ఉంది. పెట్టెలోంచి డబ్బా తీయించి, ఫిర్దోస్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, చెయ్యి ఇయ్యి మే అంది. ఆ పిల్ల చెయ్యి ఇవ్వడానికి భయపడింది, వద్దులే అత్తా, ఆయాసమైతాది అంది. ఆయాసమైంది కూడా, ఒక్కో చేతికి డజను తొడగడానికి నాలుగుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది, సబ్బు నీళ్ళు ఒలికిపోయాయి, రెండు గాజులు చిట్లాయి. కానీ తొడిగింది. చేతి పని మరిచిపోలేదు వేళ్ళు. ఎర్రవి, అంచు బంగారు రంగువి. ఆ పిల్ల వారం రోజులు గిన్నెలు కూడా చేతులు ఎత్తి పట్టుకునే తోమింది.

"బాగా నడుస్తున్నారు. ఇంకా మూడు నిమిషాలు."

సగం. సగం అయింది. ఇక్కడే, ఇప్పుడే, పోయినసారి ఇక్కడే మొదలైంది. వచ్చింది. పక్కటెముకల కింద ఎవరో తాడు బిగించినట్టు, పీల్చినా సగం దాకా పోయి ఆగిపోతోంది. ఆగిపోతున్నది ఎక్కడో ఆమెకు తెలుసు, ఫిల్ము చూపించింది కదా శరణ్య. నల్లగా ఉన్నదంతా గాలి, తెల్లగా ఉన్నదంతా దెబ్బ. తెలుపు మంచిది అనుకుంది ఆమె మొదట, అడుగున అంతా తెల్లగా ఉందని సంతోషపడబోయింది కూడా. కాదమ్మా, అంది శరణ్య, లోపల కోట్ల కొద్దీ చిన్న చిన్న గాలి బుడగలుంటాయి, వాటి గోడ ఉల్లిపొర కంటే పలచన, ఆ పొరలోంచే గాలి రక్తంలోకి పోతుంది. జబ్బు ఆ పొరను కాల్చేసింది, మానేటప్పుడు మచ్చ కట్టింది, మచ్చ మందం, దాంట్లోంచి గాలి దూరదు. మచ్చ అంటే తెలుసు కుల్సుంబీకి. చిన్నప్పుడు నూనె పడి మోచేతి దగ్గర కాలిన చోటు నలభై ఏళ్ళైనా గట్టిగా, నున్నగా, చెమట కూడా పట్టకుండా అట్లాగే ఉంది. అట్లాంటిది లోపల అడుగంతా. సరే, అడుగు పోయింది. పైన ఉంది కదా. పైన నల్లగా ఉన్నదాంతో నడవాలి.

బెంచీ దగ్గరికొచ్చింది. ఫిర్దోస్ మొహం చూసింది, చూసి కాళ్ళు తడబడ్డాయి. ఆ పిల్ల మొహంలో నెత్తురు లేదు. చున్నీ కొస వేలికి బిగుసుకుని వేలు తెల్లబడింది. అంటే ఎంత? తొంభై కాదు. ఎనభై తొమ్మిదా, ఎనిమిదా? గోడ పక్కనే ఉంది, చల్లటి గోడ, ఒక్క క్షణం ఆనుకుంటే, ఆనుకోవచ్చు అన్నారు. ఆనుకుంటే లేవలేదు తను, తెలుసు. శరణ్య కూడా కుర్చీ దగ్గర నుంచి ఒక అడుగు ముందుకు వేసింది. దుర్గప్ప వేళ్ళు మడవడం మానేసి చక్రాల కుర్చీ మీద చెయ్యి వేశాడు. అప్పుడు బెంచీ మీద ఫిర్దోస్ పెదాలు ముందుకు చాపి, సాసర్లో చాయ్ చల్లార్చుకున్నట్టు, మెల్లగా, పొడుగ్గా ఊదింది. ఇంకోసారి ఊదింది. కళ్ళు పెద్దవి చేసి అత్త వైపే చూస్తూ ఊదింది.

"మీరు ఆమెకు ఏమీ చెప్పకూడదమ్మా," అంది శరణ్య.

"నేను సెప్పలేదు మేడమ్. నాకు ఉక్కగా ఉంది, ఊదుకుంటాండా."

ఊదు. అవును కదా, ఊదాలి, పీల్చడం కాదు, వదలడం. వదిలితేనే లోపలికి చోటు. పీల్చాలని పీల్చాలని కొట్టుకుంటే పాత గాలి లోపలే ఇరుక్కుంటుంది. పది నెలలుగా ప్రతి పొద్దునా చిన్న సిలిండరు తను మోసుకుంటూ సందులో ఇదే కదా నేర్పింది ఈ పిల్ల, అరుగుల మీద కండెలు చుట్టుకుంటూ నేసేవాళ్ళ ఆడవాళ్ళంతా చూస్తుంటే, రెండడుగులకు పీల్చు, నాలుగడుగులకు వదులు, మొదట పది అడుగులు, తర్వాత ఒక ఇంటి దూరం, తర్వాత రెండిళ్ళు, మొదట్లో సిగ్గేసేది, ఊదుకుంటూ నడుస్తుంటే ముసలిదానికి ఇదేం ఆట అన్నారు ఒకరిద్దరు, నెల తిరిగేసరికి వాళ్ళే రాట్నం ఆపి, కుల్సుంబక్కా, ఈ రోజు ఇంకో ఇల్లు ఎక్కువ పో అని అరిచేవాళ్ళు. ఒకటి రెండు, పీల్చు. ఒకటి రెండు మూడు నాలుగు, వదులు. తాడు ఇంకా బిగిసే ఉంది. ఉండనీ. ఒకటి రెండు. ఒకటి రెండు మూడు నాలుగు. కుర్చీ. వెడల్పుగా తిరుగు. గోడ వైపు చూడకు. తాడు ఒక పోగు వదిలింది. ఇంకో పోగు. ఒకటి రెండు. చేతులు ఊపు, బిగబట్టుకున్న భుజాలు వదిలెయ్. బెంచీ వచ్చింది, చూడాలా వద్దా, చూసింది. ఫిర్దోస్ చున్నీ వదిలేసింది. ఫిర్దోస్ నవ్వుతోంది. పళ్ళన్నీ కనిపించేలా, ఆసుపత్రి అని కూడా లేకుండా.

"బాగా నడుస్తున్నారు. ఇంకా రెండు నిమిషాలు," అంది శరణ్య. ఈసారి మైకులో గొంతులా లేదు.

కడిమెట్లలో మొదటి ఇల్లు రంగమ్మది. రెండూ ఆరు, ఎడమచేతి కణుపు పెద్దది, చిన్నప్పుడు విరిగిన చెయ్యి. దాని పక్కన ఈరమ్మ, రెండూ నాలుగు, ఆకుపచ్చ తప్ప తొడుక్కోదు. ఎదురుగా పూజారి వాళ్ళ చిన్న కోడలు, నల్లపూసలు కూడా అడిగేది. మలుపులో కంబగిరమ్మ, గాజు పగిలితే శకునమని మూడు రోజులు అన్నం మానేసేది. నర్సమ్మ, సుంకమ్మ, సుంకమ్మ కూతురు, దానికి పోయినేడు పెళ్ళి అని విన్నది... ఆమె అడుగు తడబడబోయింది, ఈసారి ఆయాసంతో కాదు. పేర్లు. పేర్లన్నీ వస్తున్నాయి. పిలవకుండానే వరసగా, సైజులతో సహా వస్తున్నాయి. జబ్బు తర్వాత ఉప్పు డబ్బా చేతిలో పట్టుకుని ఉప్పెక్కడ అని వెతికిన మనిషి, మనవరాలి వరసైన పిల్లను ఎవరమ్మా నువ్వు అని అడిగిన మనిషి, కళ్ళు మూసుకుంటే కడిమెట్ల అంతా మంచు పట్టిన అద్దంలా ఉండేది, తల లోపల కూడా మచ్చ కట్టిందేమో అని ఎవరికీ చెప్పుకోకుండా భయపడింది. ఇప్పుడు వీధి వీధంతా లేచి వచ్చి అరుగుల మీద కూర్చుంది చేతులు చాపుకుని. పోయిందనుకున్నది పోలేదు. దాక్కుంది, అంతే. ఒకటి రెండు, పీల్చు. గాలి లోపలికి పోతోంది, పోయే చోటికల్లా పోతోంది, ఎక్కడో మచ్చల మధ్య ఒక సందు చూసుకుని ఇంకా లోపలికి కూడా పోతోందేమో, చల్లగా. కాళ్ళకు తెలిసిపోయింది. కాళ్ళు పాత నడక పట్టేశాయి, బుట్ట నెత్తిన ఉన్నప్పటి నడక, మెడ నిటారుగా, నడుం ఒక్కటే ఊగే నడక. పరుగెత్తొద్దు అని శరణ్య అనలేదు, పరుగెత్తడం లేదు కాబట్టి. వార్డు తలుపు దగ్గర ఎవరెవరో నిలబడ్డారు, ఇద్దరు నర్సులు, ఒక రోగి తాలూకు మనుషులు, ఎవరో గాజుల ఆమె నడుస్తోందని. దుర్గప్ప మళ్ళీ వేళ్ళు మడుస్తున్నాడు, రెండు చేతులూ అయిపోయి మళ్ళీ మొదటి చెయ్యికి వచ్చాడు, పదకొండు, పన్నెండు, ప్రతిసారీ పైకే అంటున్నాడు ఇప్పుడు, ఎవరూ వద్దనడం లేదు. ఇంకో నిమిషం అన్నారు. నిమిషం చాలా ఉంది. నిమిషంలో ఎంత పోవచ్చో ఈ వరండాలో ఎవరికి తెలుసు, కుల్సుంబీకి తప్ప.

"ఆగండి! అక్కడే ఆగండి. కదలొద్దు."

వరండా నడుమ ఆగింది. దుర్గప్ప టేపు పట్టుకుని వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, వెనక కుర్చీ నుంచి ఆమె బొటనవేలి దాకా కొలిచాడు. "పదైదు మీటర్లు మేడమ్. పదమూడు చుట్లు, మీద పదైదు," అన్నాడు, అదేదో తను నడిచినట్టు. శరణ్య కాగితం మీద రాసి, ఇంకోసారి కూడి, పెట్టె తెర వైపు చూస్తూ నిలబడింది. ఫిర్దోస్ బెంచీ మీద నుంచి లేచి నిలబడింది.

"నాలుగు వందల ఐదు మీటర్లు," అంది శరణ్య. "ఒకచోట ఎనభై తొమ్మిదికి పోయింది. దాని కింద పోలేదు. మళ్ళీ నడుస్తూనే తొంభై రెండుకు తెచ్చుకున్నారు. ఇప్పుడు తొంభై నాలుగు. కుల్సుంబీ గారూ, మిషను తీసేయండి."

ఎవరో చప్పట్లు కొట్టారు. కుల్సుంబీకి ముందు వినపడలేదు, తన ఊపిరే తన చెవుల్లో నిండుగా వినిపిస్తోంది, పోతోంది, వస్తోంది.

"మచ్చలు పోతాయా అమ్మా?"

"మచ్చలు ఉంటాయి. అబద్ధం చెప్పను. కానీ బాగున్న భాగం వాటి పని కూడా చేయడం నేర్చుకుంది. మీరు నేర్పించారు. గుండె మాత్రలు ఆపొద్దు, మూడు నెలలకు మళ్ళీ రండి. పొగ, మిరప ఘాటు దగ్గరికి పోవద్దు."

"ఊర్లు తిరగొచ్చా?"

"ఒక్క ఊరు. బరువు లేకుండా."

"ఒక్క ఊరు సాల్తాది తల్లీ," అంది కుల్సుంబీ. "కడిమెట్ల సాలు నాకు."

ఫిర్దోస్ పీరా సాబ్‌కు ఫోను కలిపి అత్త చెవి దగ్గర పెట్టింది. నేనే అంది కుల్సుంబీ. "పైపు తీసేయమన్నారు," అంది ఆమె. అవతల మిషను చప్పుడు వినపడింది, గుర్ గుర్ మంటూ, ఎవరూ లేని మంచానికి గాలి పెడుతూ, అలవాటుగా పొద్దున్నే ఆన్ చేసి ఉంటాడు. ఆ చప్పుడు టక్కున ఆగిపోయింది. "ఆపేసినా," అన్నాడు పీరా సాబ్.

గేటు బయట ఫిబ్రవరి ఎండ. ఆటో పిలుస్తానని ఫిర్దోస్ చెయ్యెత్తింది, కుల్సుంబీ ఆ చెయ్యి దించింది. బస్టాండు దాకా నడిచే పోదాం అంది. దూరమత్తా అంటోంది ఆ పిల్ల, వినకుండానే ఆమె రోడ్డు దాటింది, లారీ పోయేదాకా ఆగి, దాటింది, పళ్ళబండ్ల మధ్య నుంచి, టైర్ల కొట్టు ముందు నుంచి, దుమ్ము లేచిన చోట కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని. జొన్నరొట్టెలు కాలుస్తున్న వాసన, వేడి వేడి వాసన. ఎవరికో ఎదురొచ్చి పక్కకు తప్పుకుంది. ఎత్తు వచ్చింది, ఎత్తు మీద నడక తగ్గలేదు. ఎవరితో అయినా మాట్లాడాలనిపించింది, ఇప్పుడు మాట్లాడొచ్చు కదా, మాట్లాడుతూ కూడా నడవొచ్చు. పక్కకు తిరిగితే పక్కన ఎవరూ లేరు.

"అత్తా! నిదానం... ఏం నడకమ్మా అది, నాకు దమ్ము ఆడతాలేదు!"

వెనక్కి చూసింది. చాలా దూరంలో, ఎత్తు మొదట్లోనే, ఫిర్దోస్ ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని, ఇంకో చేత్తో ఎక్స్‌రేల కవర్లు ఛాతీకి అదుముకుని, ఎర్రబడిన మొహంతో ఆయాసపడుతూ, ఏడుస్తూ, నవ్వుతూ వస్తోంది.

"మెల్లగా రా మే. తొందర ల్యా," అని కేకేసింది కుల్సుంబీ. దేనికీ ఆనుకోకుండా, దేన్నీ పట్టుకోకుండా, ఎత్తు మీద ఎండలో నిలబడి కోడలి కోసం ఎదురుచూసింది.